బహిరంగ జలాల్లో ఈత: వెట్‌సూట్ ఎంపిక

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
– నీటిలో శరీరం వేడిని ఎందుకు త్వరగా కోల్పోతుందో వివరించగలుగుతారు.
– వెట్‌సూట్ శరీరాన్ని వెచ్చగా ఉంచే తీరును, తేలడానికి తోడ్పడే తీరును లెక్కతో చూపగలుగుతారు.
– నీటి ఉష్ణోగ్రతను బట్టి వెట్‌సూట్ కావాలో వద్దో, కావాలంటే ఏ మందం ఉన్నది కావాలో నిర్ణయించగలుగుతారు.
– వెట్‌సూట్‌కూ లైఫ్ జాకెట్‌కూ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

సంజామల, కోయిలకుంట్ల, అవుకు ప్రాంతపు పల్లెల్లో ఈత నేర్పే బడి చాలాకాలం దిగుడు బావే. పిల్లవాడి వీపుకు ఎండిన మునగ బెండ్లో, సొరకాయ బుర్రో కట్టి నీళ్లలోకి దింపేవారు. తరవాతి కాలంలో లారీ ట్యూబులు, ప్లాస్టిక్ డబ్బాలు వచ్చాయి. నాలుగు రోజులకు బెండు విప్పేస్తే ఈత వచ్చినట్టే. ఆ ఈతకు ప్రత్యేకమైన దుస్తులు అవసరం కాలేదు.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. చదువు కోసం, ఉద్యోగం కోసం మన పిల్లలు చల్లటి దేశాలకు వెళుతున్నారు. అక్కడి సముద్రాల్లో, సరస్సుల్లో నల్లటి రబ్బరు దుస్తులు వేసుకొని ఈదుతున్నారు. ఆ ఫోటోలు చూసి ఇక్కడివారు కూడా అటువంటి దుస్తులు తెప్పించుకోవాలనుకొంటున్నారు.

ఒక ఉదాహరణ ఊహించుకొందాం. సంజామల బావిలో ఈత నేర్చిన ఒక యువతి ఉద్యోగరీత్యా ఐర్లాండు వెళ్ళింది. అక్కడ డబ్లిన్ దగ్గరి సముద్రంలో ఈదడానికి 4 మిల్లీమీటర్ల వెట్‌సూట్ కొనుక్కొంది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తమ్ముడు అడిగాడు: ‘అక్కా, ఇది నాకు ఇచ్చిపో. అవుకు జలాశయంలో ఈదేటప్పుడు వేసుకొంటా. మునిగిపోతాననే భయం కూడా ఉండదు.’ అక్క ఏమని చెప్పాలి? ఈ పాఠం పూర్తయ్యేసరికి ఆ జవాబు మీరే చెప్పగలగాలి.

2. నీటిలో శరీరం వేడిని కోల్పోయే తీరు

25 డిగ్రీల గాలిలో కూర్చొంటే మనకు హాయిగా ఉంటుంది. అదే 25 డిగ్రీల నీటిలో కదలకుండా గంటసేపు కూర్చొంటే వణుకు వస్తుంది. ఉష్ణోగ్రత ఒకటే అయినా అనుభవం వేరు. దీనికి కారణం నీటి స్వభావం. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు ఎక్కువ వేగంగా వేడిని తనగుండా పోనిస్తుంది. అంతేకాక, ఒకే ఘనపరిమాణం గల గాలిని, నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే నీటికి దాదాపు 3,500 రెట్లు ఎక్కువ వేడి కావాలి. అంటే నీరు మన శరీరపు వేడిని త్వరగా తీసుకొంటుంది, ఎంత తీసుకొన్నా తాను పెద్దగా వేడెక్కదు.

ఈదేటప్పుడు చర్మాన్ని ఆనుకొని వేడెక్కిన నీరు వెంటనే పక్కకు పోయి, కొత్త నీరు ఆ స్థానంలోకి వస్తుంది. అందువల్ల వేడి నష్టం ఇంకా పెరుగుతుంది.

అయితే ఈదే శరీరం వేడిని పుట్టిస్తుంది కూడా. ఈత కోసం మనం ఖర్చు చేసే శక్తిలో చాలా కొద్ది భాగమే ముందుకు కదలడానికి పనికివస్తుంది. మిగిలినదంతా వేడిగా మారుతుంది. నిలకడగా ఈదే వ్యక్తి శరీరంలో సుమారు 400 నుంచి 600 వాట్ల వేడి పుడుతుందని అనుకోవచ్చు. పుట్టే వేడి, పోయే వేడి సమానంగా ఉంటే శరీరం 37 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. పోయేది ఎక్కువైతే శరీరం చల్లబడిపోతుంది. పుట్టేది ఎక్కువైతే వేడెక్కిపోతుంది. రెండూ ప్రమాదమే. వెట్‌సూట్ ఎంపిక అంటే ఈ రెండింటినీ సరితూచడమే.

3. వెట్‌సూట్ పనిచేసే తీరు

వెట్‌సూట్‌ను నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరుతో చేస్తారు. ఈ రబ్బరును 1930లో అమెరికాలోని డూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు. దీన్ని నురుగులాగా పొంగించినప్పుడు లోపల లెక్కలేనన్ని చిన్న చిన్న గదులు ఏర్పడతాయి. ప్రతి గదిలోనూ వాయువు బంధించి ఉంటుంది. గదులు మూసుకొని ఉంటాయి కాబట్టి నీరు లోపలికి ఇంకదు.

1950 దశకం మొదట్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు భౌతిక శాస్త్రజ్ఞుడు హ్యూ బ్రాడ్నర్ ఈ పదార్థంతో ఈత దుస్తులు చేయవచ్చని గుర్తించాడు. అంతవరకు చల్లటి నీటిలో వెచ్చగా ఉండాలంటే ఒళ్లు పొడిగా ఉండాలని అనుకొనేవారు. ఒళ్లు తడిసినా ఫరవాలేదు, వేడిని ఆపేది బట్టలోని వాయువే అన్నది బ్రాడ్నర్ గ్రహించిన విషయం.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని సరిదిద్దుకోవాలి. వెట్‌సూట్ లోపలికి చేరిన నీటి పొర ఒంటి వేడికి వెచ్చబడి మనల్ని కాపాడుతుందని చాలామంది చెబుతారు. నిజానికి కాపాడేది నురుగు రబ్బరులోని వాయువు. గొంగడి కూడా ఇదే పని చేస్తుంది. ఉన్ని పోగుల మధ్య చిక్కుకొన్న గాలివల్లే అది వెచ్చగా ఉంటుంది. తడిస్తే ఆ గాలి చోటులోకి నీరు చేరి గొంగడి గుణం తగ్గిపోతుంది. నియోప్రీన్ గదులు మూసి ఉంటాయి కాబట్టి తడిసినా దాని గుణం పోదు. సూట్ లోపలి నీటి పొర ఎంత పలచగా, ఎంత కదలకుండా ఉంటే అంత మంచిది. వదులు సూట్‌లో నీరు వస్తూ పోతూ వేడిని మోసుకుపోతుంది.

4. ఒకే సూట్, రెండు నీళ్లు: ఒక లెక్క

ఒక పొరగుండా సెకనుకు పోయే వేడిని ఇలా లెక్కిస్తాం: పదార్థపు ఉష్ణవాహకత × వైశాల్యం × ఉష్ణోగ్రతల తేడా ÷ మందం. నియోప్రీన్ నురుగు ఉష్ణవాహకత సుమారు 0.05 అనుకొందాం (వాట్లు, మీటర్లు, డిగ్రీలలో). సూట్ కప్పే వైశాల్యం 1.5 చదరపు మీటర్లు, మందం 4 మిల్లీమీటర్లు, అంటే 0.004 మీటర్లు.

మొదటి సందర్భం: నీరు 15 డిగ్రీలు, సూట్ లోపల చర్మం 30 డిగ్రీలు. తేడా 15.
0.05 × 1.5 × 15 ÷ 0.004 = సుమారు 281 వాట్లు.

సూట్ కప్పని తల, చేతులు, పాదాల నుంచి మరికొంత వేడి పోతుంది. శరీరంలో పుట్టే 400–600 వాట్లతో పోల్చండి. లెక్క దాదాపు సరిపోతుంది. ఈతగాడు చాలాసేపు క్షేమంగా ఈదగలడు.

రెండో సందర్భం: నీరు 29 డిగ్రీలు. చర్మం 36 డిగ్రీల దాకా వేడెక్కిందనే అనుకొందాం. తేడా 7.
0.05 × 1.5 × 7 ÷ 0.004 = సుమారు 131 వాట్లు.

పుట్టేది 400 వాట్లకు పైన, సూట్‌గుండా పోగలిగేది 131 వాట్లు. తల, చేతుల నుంచి కొంత పోయినా మిగిలినదంతా శరీరంలోనే నిలిచిపోతుంది. చెమట పట్టినా ఆవిరయ్యే దారి లేదు. కాబట్టి ఆ చెమటవల్ల చల్లదనం రాదు, ఒంట్లోని నీరు మాత్రం తగ్గుతుంది. మొదట అలసట, తలనొప్పి, తరవాత తికమక, చివరకు స్పృహ తప్పడం జరగవచ్చు. నేలమీద స్పృహ తప్పినవాణ్ణి నీడలో పడుకోబెట్టి కాపాడుకోవచ్చు. నీటిలో ఆ అవకాశం ఉండదు.

ఇది కేవలం ఊహ కాదు. వెచ్చటి నీరు కూడా ప్రమాదమేనని క్రీడా ప్రపంచం గట్టిగా గుర్తించింది 2010లో. ఆ సంవత్సరం అక్టోబరు 23న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని ఫుజైరాలో జరిగిన 10 కిలోమీటర్ల పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ మరణించాడు. ఆనాటి నీరు దాదాపు 30 డిగ్రీలు. ఆ దుర్ఘటన తరవాత అంతర్జాతీయ ఈత సమాఖ్య పోటీ జరపదగిన నీటి ఉష్ణోగ్రతకు 31 డిగ్రీలను పైహద్దుగా పెట్టింది. వెట్‌సూట్ లేకుండా ఈదేవారికే ఈ జాగ్రత్త అవసరమైతే, వేసుకొన్నవారి సంగతి వేరే చెప్పాలా?

చేసి చూడండి: రెండు ఒకేరకం స్టీలు గ్లాసుల్లో సమానంగా వేడినీళ్లు పోయండి. ఒకదానికి పార్సిళ్లలో వచ్చే నురుగు షీటు బిగుతుగా చుట్టండి. రెండింటినీ చల్లటి నీళ్లున్న బేసిన్‌లో నిలబెట్టి, 5 నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత రాసుకోండి. తరవాత బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసి మళ్లీ చేయండి. రెండు పట్టికలను పోల్చండి.

5. తేలడం: బెండుకూ వెట్‌సూట్‌కూ పోలిక

బెండులో గాలి గదులుంటాయి. నియోప్రీన్‌లోనూ అంతే. కాబట్టి రెండూ తేలతాయి. పై ఉదాహరణలోని సూట్ ఘనపరిమాణం 1.5 × 0.004 = 0.006 ఘనపు మీటర్లు, అంటే 6 లీటర్లు. అది తొలగించే నీటి బరువు 6 కిలోలు. సూట్ సొంత బరువు 2 కిలోలనుకొంటే, మిగిలిన 4 కిలోల మేరకు అది శరీరాన్ని పైకి తేలుస్తుంది. ముఖ్యంగా కిందికి జారే కాళ్లు పైకి వస్తాయి. శరీరం నీటిలో చదునుగా నిలుస్తుంది. నీటి నిరోధం తగ్గి వేగం పెరుగుతుంది.

ఈ కారణంగానే కొన్ని ఈతలలో వెట్‌సూట్‌ను ఒప్పుకోరు. ఇంగ్లిష్ ఛానెల్‌ను సంప్రదాయ పద్ధతిలో ఈదేవారు మామూలు ఈత దుస్తులు, టోపీ, కళ్లద్దాలతోనే ఈదాలి. 1875లో మాథ్యూ వెబ్ ఈదినప్పుడు ఇటువంటి సూట్ లేనే లేదు. 1958లో మిహిర్ సేన్, 1959లో ఆరతీ సాహా ఆ చల్లటి నీటిని సూట్ లేకుండానే దాటారు.

అయితే తేలడానికి తోడ్పడటం వేరు, ప్రాణం కాపాడటం వేరు. లైఫ్ జాకెట్‌లో తేలే భాగం ఎక్కువగా ఛాతీ, మెడ దగ్గర ఉంటుంది. తల నీటిపైన ఉండేలా దాన్ని రూపొందిస్తారు. వెట్‌సూట్‌లో తేలే గుణం కాళ్లకు, నడుముకు కూడా పరచుకొని ఉంటుంది. స్పృహ తప్పిన మనిషి ముఖం నీటిలో ఉంటే వెట్‌సూట్ అతణ్ణి వెల్లకిలా తిప్పదు. పైగా అది నల్లగా ఉండటంవల్ల దూరం నుంచి కనబడదు. ఈత రానివారికి వెట్‌సూట్ రక్షణ కాదు.

6. ముందు థర్మామీటరు, తరవాత దుకాణం

వెట్‌సూట్ కొనాలనుకొన్నవారు మొదట తెలుసుకోవలసింది తాము ఈదబోయే నీటి ఉష్ణోగ్రత. గాలి ఉష్ణోగ్రత చూసి నిర్ణయించకూడదు. కొత్తవారికి ఈ కింది సూచనలు మార్గదర్శకంగా ఉంటాయి. ఒళ్లు సన్నగా ఉన్నవారికి చలి ఎక్కువ కాబట్టి కొంత సవరించుకోవాలి.

24 డిగ్రీలు, అంతకు పైన: వెట్‌సూట్ అవసరం లేదు. నీరు వెచ్చనయ్యేకొద్దీ అది హానికరం.
20 నుంచి 24: చాలాసేపు ఈదేవారు కావాలంటే పలుచటి, చేతులు లేని సూట్ వాడవచ్చు.
16 నుంచి 20: 3 నుంచి 5 మిల్లీమీటర్ల పూర్తి సూట్ మంచిది.
12 నుంచి 16: పూర్తి సూట్‌తోపాటు నియోప్రీన్ టోపీ, చేతి తొడుగులు, మేజోళ్లు కావాలి. ఈత సమయం తగ్గించుకోవాలి.
12 కన్నా తక్కువ: అనుభవం లేనివారు దిగకూడదు.

మన ప్రాంతం ఇందులో ఎక్కడుంది? భూగర్భ జలం ఉష్ణోగ్రత ఆ ప్రాంతపు గాలి వార్షిక సగటుకు దగ్గరగా ఉంటుంది. నంద్యాల ప్రాంతంలో అది 28 డిగ్రీల చుట్టుపక్కల. అందుకే బావి నీళ్లు వేసవిలో చల్లగా, చలికాలం తెల్లవారుజామున గోరువెచ్చగా అనిపిస్తాయి. మారేది గాలే. శ్రీశైలం నుంచి కాలువల ద్వారా నీరు వచ్చి చేరే అవుకు జలాశయం వంటి చోట్ల వేసవి మధ్యాహ్నం పై పొర 30 డిగ్రీలు దాటడం మామూలు.

మన సముద్రాలూ వెచ్చనివే. తెలుగు ఈతగత్తె గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంక, భారతదేశాల మధ్య పాక్ జలసంధిని దాదాపు 30 కిలోమీటర్ల మేర 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. 2024 డిసెంబరు చివర విశాఖపట్నంలో బయలుదేరి, రోజుకు కొంత దూరం చొప్పున 150 కిలోమీటర్లు ఈది 2025 జనవరి మొదట్లో కాకినాడ చేరుకొన్నారు. ఇటువంటి నీటిలో ఈదేవారి కష్టం దూరం, ప్రవాహాలు, ఎండ, జెల్లీచేపలు. చలి కాదు. అదే ఇంగ్లిష్ ఛానెల్ అయితే ఈత కాలంలో కూడా 15 నుంచి 18 డిగ్రీలే. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం వేసవిలోనూ చల్లగానే ఉంటుంది. అక్కడ స్థిరపడిన మనవారికి వెట్‌సూట్ నిజమైన అవసరం.

పోటీలో పాల్గొనేవారు నియమాలు కూడా చూసుకోవాలి. అంతర్జాతీయ బహిరంగ జలాల పోటీలలో నీరు 18 డిగ్రీలకన్నా తక్కువైతే వెట్‌సూట్ తప్పనిసరి, 20కి పైన నిషేధం. ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్‌లలో సాధారణ పోటీదారులకు 24.5 డిగ్రీల వరకు పూర్తి అనుమతి ఉంది. 28.8 దాటితే ఎవరూ వేసుకోకూడదు. సూట్ మందం 5 మిల్లీమీటర్లు మించరాదు. నియమాలు మారుతుంటాయి కాబట్టి పోటీకి ముందు నిర్వాహకుల తాజా నియమావళి చదవాలి.

7. రకం, కొలత, సంరక్షణ

చల్లటి నీటిలో ఈదబోతున్నారని తేలితే ఈ విషయాలు గమనించండి.

రకం: అలలపై పలకతో ఆడేవారి సూట్, లోతుకు మునిగేవారి సూట్, ఈతగాళ్ల సూట్ వేరువేరు. మొదటి రెండూ రాపిడికి తట్టుకొనేలా రెండువైపులా బట్టతో బిరుసుగా ఉంటాయి. వాటితో గంటసేపు చేతులు తిప్పితే భుజాలు పట్టేస్తాయి. ఈత సూట్ పైపొర నున్నగా ఉంటుంది. భుజాల దగ్గర పలుచగా, తొడల దగ్గర మందంగా ఉంటుంది. అయితే దానికి గోరు తగిలితే చాలు, చీరుతుంది.

ఈత తీరు: కాళ్లు కిందికి జారేవారికి తొడల దగ్గర ఎక్కువ తేలే సూట్ మేలు. కప్ప ఈత ఈదేవారికి అది ఇబ్బంది. కాళ్లు మరీ పైకి లేచి తన్ను నీటికి అందదు.

కొలత: ఎత్తు, బరువు, ఛాతీ కొలతలతో తయారీదారు పట్టిక చూడండి. గట్టున వేసుకొన్నప్పుడు బిగుతుగా ఉండాలి. నడుము వెనక, చంకల్లో, గజ్జల్లో ముడతలు ఉంటే నీరు చేరుతుంది. రెండు చేతులూ పైకెత్తి నిండుగా ఊపిరి పీల్చండి. ఛాతీ పట్టినా, మెడ నొక్కుకొన్నా ఆ కొలత వద్దు. మెడ దగ్గర అతి బిగుతువల్ల నీటిలో ఊపిరాడనట్టు అనిపించి కంగారు పడతారు. వీలైతే మొదట అద్దెకు తీసుకొని ఈది చూసి, తరవాత కొనండి.

సంరక్షణ: వాడాక మంచినీటితో కడిగి, తిరగేసి నీడలో ఆరబెట్టాలి. మన ఎండలో ఆరేస్తే రబ్బరు పెళుసుబారుతుంది. మడత పెట్టి పెట్టెలో ఉంచకూడదు.

8. వెట్‌సూట్ చేయలేని పని

చల్లటి నీటిలో దిగిన మొదటి రెండు మూడు నిమిషాలు ఎక్కువ ప్రమాదకరం. చలి దెబ్బకు అసంకల్పితంగా ఊపిరి ఎగబీలుస్తాం. ఆ క్షణంలో ముఖం నీటిలో ఉంటే నీరు లోపలికి పోతుంది. సూట్ ఉన్నా దూకకూడదు. మెల్లగా దిగి, ముఖం, మెడ తడుపుకొని, ఊపిరి కుదుటపడ్డాకే ఈత మొదలుపెట్టాలి. బయటికి వచ్చాక కూడా కొంతసేపు శరీరం లోపల చల్లబడుతూనే ఉంటుంది. వెంటనే ఒళ్లు తుడుచుకొని పొడిబట్టలు వేసుకోవాలి.

మన ప్రాంతంలో ప్రమాదాలు వేరు: తెలియని లోతు, అడుగున బురద, కాలువ ప్రవాహం, పట్టు దొరకని సిమెంటు గట్లు. వీటిలో ఏ ఒక్కదానికీ వెట్‌సూట్ మందు కాదు. ఈతకు అనుమతి ఉన్న చోటే దిగడం, ఒంటరిగా వెళ్లకపోవడం, ముదురురంగు కాక మెరిసే రంగు టోపీ పెట్టుకోవడం, నడుముకు తాడుతో కట్టుకొనే తేలే బుడగను వెంట ఉంచుకోవడం, నీళ్లు తాగి ఉదయం పూట ఈదడం – ఇవే ఇక్కడ రక్షణ.

9. సారాంశం

నీరు గాలికన్నా చాలా వేగంగా శరీరపు వేడిని తీసుకుపోతుంది. వెట్‌సూట్‌లోని వాయువు గదులు ఆ వేగాన్ని తగ్గిస్తాయి. చల్లటి నీటిలో అది మేలు, వెచ్చటి నీటిలో అదే కీడు. అందుచేత ఎంపిక నీటి ఉష్ణోగ్రతతో మొదలవ్వాలి. వెట్‌సూట్ కొంత తేలుస్తుంది కాని లైఫ్ జాకెట్ చేసే పని చేయదు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. అక్క కొలతలకు కుట్టిన, 15 డిగ్రీల నీటికి తగిన సూట్ 29 డిగ్రీల నీటిలో అతని ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. మునిగేటప్పుడు కాపాడదు. కాబట్టి అక్క ఆ సూట్‌ను తిరిగి తనతోనే తీసుకుపోవాలి. తమ్ముడికి ఇవ్వవలసింది ఒక తేలే బుడగ, ఒక మెరిసే రంగు టోపీ, తోడు లేకుండా నీళ్లలో దిగవద్దన్న మాట.

10. మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. తడిసిన గొంగడికీ తడిసిన వెట్‌సూట్‌కూ వేడిని ఆపడంలో తేడా ఎందుకు వస్తుంది?
2. సెక్షన్ 4లోని లెక్కను 2 మిల్లీమీటర్ల సూట్, 22 డిగ్రీల నీరు, 32 డిగ్రీల చర్మం తీసుకొని చేయండి. వచ్చిన విలువను 400 వాట్లతో పోల్చి మీ అభిప్రాయం రాయండి.
3. మీ ఊరి బావి నుంచి చేదతో నీళ్లు తోడి వెంటనే ఉష్ణోగ్రత కొలవండి. నెలకొకసారి, ఒకే సమయంలో, ఏడాదిపాటు కొలిచి గాలి ఉష్ణోగ్రతతో కలిపి పట్టిక వేయండి. ఏది ఎక్కువగా మారింది?
4. ‘వెట్‌సూట్ ఉంటే ఈత రాకపోయినా ఫరవాలేదు’ అన్న వాదనను మీ ఊరివారికి అర్థమయ్యేలా ఒక పేజీలో ఖండించండి.

రెండో ప్రశ్నకు జవాబు: 375 వాట్లు.